నంబరే ఆత్మ, బండి నిమిత్తమాత్రం

అరుదైన ఇటాలియన్ కార్ల అభిమానుల మీద లోకం ఒక అభాండం వేస్తూ ఉంటుంది. వీళ్లకు వేగం పిచ్చి అట! ఇంతకన్నా అన్యాయం లేదు. ఫెరారీల ఊరు మరానెల్లోలో, లంబోర్గినీల ఊరు సాంట్ అగాతాలో పుట్టిన కార్ల గురించి నలుగురు పెద్దమనుషులు చేరి తెల్లవార్లూ మాట్లాడుకున్నా నడపడం అనే ప్రస్తావన రాదు. వచ్చిందంటే అది ఎవరో కీర్తిశేషులు 1962లో నడిపిన సంగతి అయి ఉంటుంది.

వారు ఆరా తీసేది వంశం. ఇంజన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు ఫ్యాక్టరీ చిట్టాతో సరిపోయాయా? మొదటి యజమాని ఎవరు, ఆయన ఎవరికి అమ్మారు, మధ్యలో రంగు ఎందుకు మార్చారు? గోత్రం, నక్షత్రం, మేనమామల ఊరు అడిగే మన పెళ్లిపెద్దలు కూడా ఇంత లోతుకు వెళ్లరు. పైగా ఫెరారీ సంస్థే పాత కార్లను చూసుకునే తన క్లాసికే విభాగం ద్వారా పుట్టుపూర్వోత్తరాలు పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. అది లేని కారు ఎంత హాయిగా నడిచినా సభలో చివరి వరుసే.

సందేహించేవారు 2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన వేలాన్ని గుర్తు చేసుకోవాలి. అక్కడ 1954 నాటి ఫెరారీ 500 మొండియల్ స్పైడర్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఆ కారు 1960లలో ప్రమాదానికి గురై కాలిపోయింది. మిగిలింది నలిగి మడతలు పడిన అల్యూమినియం రేకు, తుప్పు పట్టిన చట్రం. హెడ్‌లైట్లు ఉండాల్సిన చోట చిరుగులు. పుట్టినప్పటి ఇంజన్ ఎప్పుడో పోయింది. కాటా మీద పెట్టి కిలోల లెక్కన తూచాల్సిన ఆ సరుకు 18 లక్షల 75 వేల డాలర్లు పలికింది. మన లెక్కన పదిహేను కోట్ల పైమాటే. కొన్నవారిని చూసి నవ్వడం తేలిక. వారు డబ్బు పోసింది రేకుకు కాదు, చట్రానికి ఫ్యాక్టరీ వేసిన 0406 ఎండీ అనే నంబరుకు. నంబరు చేతికొచ్చాక తక్కిన కారును తీరిగ్గా కొత్తగా చేయించుకోవచ్చు. ఆత్మను నిప్పు కాల్చలేదని పెద్దలు ఊరికే అన్నారా?

కాలడం యోగ్యత అయినప్పుడు దుమ్ము పట్టడం కాదా? ఫ్రాన్స్‌లో ఒక పాత గ్యారేజీలో పత్రికల దొంతరల కింద దశాబ్దాలు పడి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్‌ను 2015లో పారిస్‌లో వేలం వేశారు. పత్రికలు తీశారు గానీ దుమ్ము తుడవలేదు. ఆ దుమ్ముతో సహా ధర కోటీ 63 లక్షల యూరోలు. తడిగుడ్డ పట్టుకుని అటువైపు వెళ్లిన పనివాడు ఎవరైనా ఉంటే వాణ్ని తలచుకుని నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇక ఫెరారీ 250 జీటీవో. రేసుల్లో దిగాలంటే పోటీ నిబంధన ప్రకారం వంద కార్లు తయారు చేయాల్సి ఉండగా, ఇది పాత మోడల్‌కు కొనసాగింపేనని వాదించి ఫెరారీ 1962, 1964 మధ్య 36 మాత్రమే చేసింది. నిబంధన పాటించి ఉంటే ఈనాటి భాగ్యవంతులకు ఎంత నష్టం జరిగేదో ఊహించండి. 2018లో వాటిలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు పోయింది. మరుసటి ఏడాది ఇటలీలోని బొలోన్యా న్యాయస్థానం ఈ కారును కళాఖండంగా గుర్తించి, దానికి నకళ్లు చేయకూడదంది. కనుక ఇకపై దాని మైలేజీ ఎంత అని అడిగేవాడు సంస్కారం లేనివాడు.

1987 నాటి ఫెరారీ ఎఫ్40 విషయంలో మాత్రం పెద్దమనుషుల్లో కాస్త చిన్నచూపు కనిపిస్తుంది. నాలుగు వందలే అనుకున్నది 1,311 దాకా చేశారు మరి! అంత విరివిగా దొరికే వస్తువును ఎలా గౌరవించడం? అందుకే అందులోనూ తరతమ భేదాలు కనిపెట్టారు. కిందికి దిగే అద్దాలు కాక, పక్కకు జరిపే ప్లాస్టిక్ కిటికీలతో మొదట్లో వచ్చిన కొన్ని కార్లే శ్రేష్ఠం. తలుపు లోపల గడియకు బదులు లాగడానికి ఒక తాడు ఉంటుంది. దాన్ని చూపేటప్పుడు గొంతు తగ్గించడం మర్యాద. నడపకపోయినా పెట్రోలు నిలవుండే ట్యాంకు లోపలి సంచీలు, ఇంజన్ టైమింగ్ బెల్టులు వయసును బట్టి మార్చాల్సిందే. కదలని కారుకు ఇంత కైంకర్యం చేసేవారిని వేగం పిచ్చివాళ్లంటే పాపం చుట్టుకుంటుంది.

భద్రపరిచే విషయంలో మాత్రం లాస్ ఏంజెలెస్ దొంగలను మించినవారు లేరు. 1974లో ఫెరారీ సంస్థే తయారుచేసిన ఒక డీనో 246 జీటీఎస్ మాయమైంది. దాని మీద ఫెరారీ గుర్తు ఉండదు గనుక దాన్ని ఫెరారీ అనవచ్చా అన్న ధర్మసందేహం పెద్దల్లో ఉంది. అది వేరే సభకు. 1978లో ఒక పెరట్లో తవ్వి ఆ కారును బయటికి తీశారు. మట్టి తవ్వుతున్న పిల్లల పారకు తగిలిందన్నది అప్పట్లో ప్రచారమైన కథ. పాతిపెట్టినవారు మట్టి దూరకుండా తువ్వాళ్లు కూడా కుక్కారు. ఎండ లేదు, ట్రాఫిక్ లేదు, ఒక్క కిలోమీటరూ పెరగలేదు. తరువాత కొన్న వ్యక్తి దాన్ని బాగు చేయించి, 'డగ్ అప్' (తవ్వి తీసినది) అని నంబర్ ప్లేటు తగిలించి, రోడ్డు మీద తిప్పడం మొదలుపెట్టారు. మూడేళ్లకు పైగా భూగర్భంలో ఉన్న చరిత్రను పట్టుకెళ్లి ఎండలో నడపడమేమిటి? పెద్దవారెవరైనా ఆయనను కూర్చోబెట్టి నచ్చజెప్పాలి.