పర్యావరణహిత పార్కింగ్ ఐడియా గారికి, సైడ్ స్టాండ్ విషయమై

మహారాజశ్రీ, ఏటా కాలేజీ ఫెస్టులో మొదటి బహుమతి పుచ్చుకునే ఆఫ్-క్యాంపస్ గ్రీన్ పార్కింగ్ స్టార్టప్ ఐడియా గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయుల్లో ఒకరు మాత్రం మొన్నటి వాన నుంచి ఎడమవైపు పడి ఉన్నారు.

తమరి పైలట్ ప్రాజెక్టులో గేటు నుంచి రెండో వరస. ఒక బండి స్టాండు నేలలో దిగబడింది. పక్కదాని మీద వాలింది. అది తన పక్కదాని మీద. వరసలోని తొమ్మిదీ పేకముక్కల్లా పడుకున్నాయి. మధ్యాహ్నం క్లాసులు మానుకుని, బురదలో వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీసేసరికి నాలుగున్నర. నష్టం: నాలుగు అద్దాలు, మూడు క్లచ్ లివర్లు, రెండు ఇండికేటర్లు, వంగిన గేర్ లివర్ ఒకటి. అన్నీ ఎడమవైపువే. ఎందుకు ఎడమవైపో తమరి పద్నాలుగు స్లైడ్లలో ఎక్కడా దొరకదు. "ఎకోసిస్టమ్" ఎనిమిది చోట్ల ఉంది (ఒక్కచోట కూడా చెట్ల గురించి కాదు). "సైడ్ స్టాండ్" అన్న మాట మాత్రం లేదు.

ముందు తమరి లెక్క చూద్దాం. 30-40 సైటు. బెంగళూరులో ఎవరినడిగినా ఖాళీ జాగాకి చెప్పే కొలత అదే: 1200 చదరపు అడుగులు, అంటే దాదాపు 111 చదరపు మీటర్లు. ద్విచక్ర వాహనానికి 1.25 చదరపు మీటర్లని జాతీయ భవన నియమావళిలోంచి తెచ్చి, భాగించి, 89 బండ్లు అని రాశారు. భాగహారంలో తప్పు లేదు. బండ్లు ఆకాశంలోంచి దిగితే 89 పడతాయి. రోడ్డు మీదుగా వచ్చేవాటికి దారి కావాలి కదా! రెండేసి మీటర్ల వరసలు నాలుగు, వాటి మధ్య తిప్పుకోవడానికి రెండేసి మీటర్ల సందులు రెండు: పన్నెండు మీటర్లు, సైటు పొడవు అయిపోయింది. 30 అడుగుల వెడల్పులో గేటు నుంచి లోపలికి మీటరు పైచిలుకు దారి వదిలితే వరసకు తొమ్మిది. చివరి వరసకు ఆ దారి అక్కర్లేదు కనుక పదకొండు. మొత్తం 38.

తొమ్మిదే ఎందుకంటే, సైడ్ స్టాండ్ మీద ఒరిగిన బండికి 80 సెంటీమీటర్లు కావాలి. సెంటర్ స్టాండ్ మీద నిటారుగా నిలబెడితే 65లో సర్దుకుంటుంది. కానీ యమహా ఆర్15కీ కేటీఎం డ్యూక్‌కీ సెంటర్ స్టాండే ఉండదు. అవి కొనేది ఎవరయ్యా? తమరి కస్టమర్లే. పైగా అందరూ హ్యాండిల్ ఎడమకు తిప్పి లాక్ వేసుకుని పోతారు. లాక్ వేసిన బండిని పక్కకి జరపాలంటే వెనక చక్రం పట్టి ఎత్తాలి, ఎత్తితే స్టాండు మడుచుకుంటుంది. పాత పార్కింగ్ అన్నలు గోడ మీద బొగ్గుతో "హ్యాండిల్ లాక్ వేయరాదు" అని రాసేది ఇందుకే. తమరు ఆ గోడకు ఆకుపచ్చ రంగు వేయించారు.

38 బండ్లు, రోజుకు 20 రూపాయలు, నెలకు 22 పనిదినాలు: 16,720. సైటు అద్దె 20 వేలే అనుకుందాం, అంతకు తక్కువకి ఇచ్చే ధర్మాత్ముడు దొరికితే వేరే సంగతి. సెమిస్టర్ సెలవుల్లో బండ్లు ఊరికి పోతాయి, అద్దె పోదు.

ఇక గడ్డి పేవర్లు, అదే నేల మీద పరిచే సిమెంటు దిమ్మలు. ఆరో స్లైడు, పచ్చగా, కళ్లకు చలవగా. వాననీరు ఇంకుతుంది, మంచిదే, కాదన్నదెవరు. 80 మిల్లీమీటర్ల మందం ఎంచారు, దానికీ ఒక నమస్కారం. 60వి నడకదారికి సరే గాని కార్లు ఎక్కితే విరుగుతాయి. కానీ ఆ పేవర్లకు రంధ్రాలుంటాయి. రంధ్రంలో ఎర్రమట్టి, మట్టిలో గడ్డి. స్టాండు పాదమేమో అగ్గిపెట్టె అంత. 140 కిలోల బండిలో ఆ మూడో కాలు మోయాల్సిన వాటా అంతా ఆ అగ్గిపెట్టె మీదే. మట్టి ఎండి గట్టిగా ఉన్నన్నాళ్లు మోస్తుంది. తమరు ఫొటోలు తీసింది ఫిబ్రవరిలో, అందుకే అన్నీ బుద్ధిగా నిలబడ్డాయి. మే నెల వానకు మట్టి మెత్తబడింది, స్టాండు దిగింది. గడ్డి వేళ్లు పట్టి ఉంచుతాయని రాశారు. ఏ గడ్డి? రోజుకు ఎనిమిది గంటలు బండి నీడలో, సైలెన్సర్ సెగలో, కారిన ఆయిల్లో ఏ గడ్డి బతుకుతుంది?

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తడి నేల మీద బండి ఆపి, స్టాండు వేసి, దిగి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశావా నువ్వు? ఈ దేశంలో బండి తోలే ప్రతివాడూ స్టాండు కిందికి చదునైన రాయో, పగిలిన టైలు ముక్కో వెతుక్కుంటాడు. అది నీకు "యూజర్ రీసెర్చ్"లో తగల్లేదా? నలభై మందికి గూగుల్ ఫారం పంపావు. "మీకు సుస్థిర పార్కింగ్ ఇష్టమేనా?" అని అడిగావు. ఎవడు కాదంటాడు!

మందు చిన్నదే. ముందు చక్రాలు ఒకే గీతకు ఆనిస్తే స్టాండ్లు పడేచోటు దాదాపు ఒకే వరసలోకి వస్తుంది. ఆ వరస పొడవునా అడుగున్నర వెడల్పు కాంక్రీటు పట్టీ పోస్తే చాలు. మిగతాదంతా పేవరే ఉండనీ, నీళ్లు ఇంకనీ. పట్టీకి డబ్బు లేదంటే రంధ్రాల్లో మట్టి తీసేసి సన్న కంకర దట్టించు. నీళ్లు అప్పుడూ ఇంకుతాయి, ఫొటోలో పచ్చదనం మాత్రం రాదు. నీ బాధ అదే కదా.

మిగతావి ముక్తసరిగా, మళ్లీ మర్యాదగానే. 11 నెలల అగ్రిమెంటు మీద తీసుకున్న సైటులో 25 ఏళ్ల వారంటీ ఉన్న సోలార్ పలకలు. ఓనర్ సైటు అమ్మేస్తే ఆ షెడ్డు పునాదులు ఎవరు తవ్వుకుపోతారో చెప్పలేదు. ఐదు కిలోవాట్ల పలకలు ఎండ బాగుంటే రోజుకు ఇరవై యూనిట్లు ఇస్తాయి, అంటే మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్లు ఆరో ఏడో నిండుతాయి. తమరు పెట్టిన సాకెట్లు నలభై. అన్నీ ఒకేసారి గుచ్చితే 30 కిలోవాట్లు లాగుతాయి, ఫ్యూజు సంగతి ఫ్యూజుకే తెలియాలి. నంబరు ప్లేటు చదివే కెమెరా గేటుకు ఎదురుగా పెట్టారు. ఆ ప్లేట్లలో సగం ఏపీ 39, మీద "నాన్న దీవెన" స్టిక్కరు, దాని మీద బురద. లైసెన్సుకు బెంగళూరు నగరపాలిక "బీబీఎంపీ"కి దరఖాస్తు అని రాశారు. 2025లో దాన్ని విడగొట్టి అయిదు కార్పొరేషన్లు చేశారు, తమరి సైటు దేని కిందికి వస్తుందో చూసుకోండి. అమ్మాయిలు బస్సులో ఉచితంగా రావచ్చు, డిమాండ్ తగ్గుతుందని ఒక వాక్యం. ఆ ఉచితం ఇచ్చే శక్తి పథకం కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే. కర్నూలు ఆధార్ చూపిస్తే కండక్టరు మారుమాట్లాడకుండా టికెట్ కొడతాడు.

క్యూఆర్ కోడ్ గేటు గురించి ఒక్క ముక్క. హెల్మెట్ తీసి, జేబులోంచి ఫోన్ లాగి, స్కాన్ అయ్యేసరికి ఇరవై సెకన్లు. 38 మందికి పన్నెండున్నర నిమిషాలు పైనే. తొమ్మిది గంటల క్లాసుకు అందరూ వచ్చేది ఎనిమిదీ యాభైకి. టోకెన్ చించి సగం చేతిలో, సగం బండికి పెట్టే పెద్దాయనకు మూడు సెకన్లు పట్టేది. ఆయన్ని తమరు "జీరో మ్యాన్‌పవర్" అన్న శీర్షిక కింద తీసేశారు. ఆయన ఉండి ఉంటే మొన్న మొదటి బండి ఒరుగుతుండగానే పట్టుకునేవాడు.

ఇన్ని అన్నాక నిజం దాచకూడదు. పన్నెండో స్లైడులో, అడుగున, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: "ఒకే బండి మీద ఇద్దరొస్తే సగం ధర." అది ఎవరు రాశారో గాని చెయ్యి తిరిగినవాళ్లు. మారతహళ్లి పీజీలో ఒకే గదిలో ముగ్గురు, ఒకే సెక్షన్, ఒకే ఆంధ్రా మెస్సులో టిఫిను, మూడు బండ్లు. వాళ్లలో ఒకడు ఒక బండి ఇంట్లో వదిలినా ఒక స్లాటు ఖాళీ. పేవర్ అక్కర్లేదు, పలక అక్కర్లేదు. సగం ధరే కాదు, గేటు పక్కనున్న మొదటి వరస ఆ జంట బండ్లకే వదలండి. నడక తగ్గుతుందంటే వెనక సీటుకు గిరాకీ వస్తుంది. ఆ వాక్యాన్ని మొదటి స్లైడుకు తెచ్చి, పక్కన అడుగున్నర కాంక్రీటు పట్టీ బొమ్మ గీస్తే, వచ్చే ఏడు బహుమతి రాకపోయినా బండ్లు నిలబడతాయి.

ఇట్లు,
రెండో వరసలో, ఎడమనుంచి అయిదో బండి తరఫున.

తా.క.: బహుమతి సొమ్ములో మూడు క్లచ్ లివర్ల ఖరీదు విడిగా తీసిపెట్టగలరు. అద్దాలు మేమే చూసుకుంటాం.