సవరణ: నీరుబ్రాహ్మిని ఎంత లోతులో నాటాలి?

తోట కొలను అంచున నీరుబ్రాహ్మి పెంపకం గురించి ముందు రాసినదాంట్లో "మొక్క మునిగేలా నాటాలి" అని ఉంది. ఆ వాక్యాన్ని "వేళ్లు బురదలో, కొమ్మలు నీటి పైన ఉండేలా నాటాలి" అని చదువుకోండి.

మునిగితే చచ్చిపోతుందని కాదు. చిత్తడి నేలల్లో దానంతటదే పెరిగే ఈ బహువార్షిక మొక్క మహా మొండిది. నీటి అడుగునా బతుకుతుంది, అందుకే చేపల తొట్టెల్లోనూ పెంచుతారు. కానీ పూత కావాలంటే కొమ్మ గాలిలోకి రావాలి. తెల్లగానో లేత ఊదాగానో ఉండే ఆ పువ్వు చిటికెనవేలి గోరంత. ఆకు మొదలు దగ్గర, సన్నని కాడ మీద ఒంటరిగా నిలబడుతుంది. వంగి చూడనివారికి కనపడనే కనపడదు.

జానెడు కొమ్మ తుంచి, కింది రెండు మూడు కణుపులను బురదలో పడుకోబెట్టి నొక్కితే చాలు, కణుపు కణుపుకూ వేళ్లు దిగుతాయి. మట్టిపైన అంగుళం, రెండంగుళాలకు మించి నీరు నిలవనివ్వకండి. నీడలోనూ తీగ సాగుతుంది గానీ పూత పలచబడుతుంది.

ఎరువు మాటెత్తకండి. అది నీటిలోకి దిగితే ముందు బాగుపడేది నాచే.

ఆకు కోసుకుని తినవచ్చన్న మాట కూడా శుభ్రమైన నీటికే వర్తిస్తుంది. సీసం, కాడ్మియం వంటి లోహాలను ఈ మొక్క పీల్చుకుని తనలో దాచుకుంటుంది. మురుగు కలిసే కొలనైతే దీన్ని పూల కోసం మాత్రమే పెంచండి.