గుంజకో గుంజ కావలెను

కట్టేయడంలో మనల్ని మించినవాళ్లు లేరు. బ్యాంకులో రెండు రూపాయల పెన్నుకు పురికొస కట్టి కౌంటరుకు బిగిస్తాం. నీళ్ల ట్యాంకు దగ్గర స్టీలు గ్లాసుకు గొలుసు వేస్తాం. ఇంత జాగ్రత్తపరులం, మా ఊరి బడి మైదానంలో నలుగురు పట్టుకుంటే గాని కదలని ఇనప గోల్‌పోస్టుకు మాత్రం సంపూర్ణ స్వాతంత్ర్యం ఇచ్చేశాం.

ఒకప్పుడు గొయ్యి తీసి కాంక్రీటు పోసి పాతిన పోస్టులే ఉండేవి. కానీ మైదానానికి ఆట ఒక్కటేనా పని? దసరాకు రావణుడు కాలాలి, ఎన్నికలకు హెలికాప్టరు దిగాలి, మధ్యలో రెండు రిసెప్షన్లు. అందుకని వాటిని పీకించి, ఎటు కావాలంటే అటు జరుపుకునే రకం వెల్డింగు షాపులో చేయించారు. కొలతలు మాత్రం అంతర్జాతీయం: వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. ఆ కొలతలున్న ఫుట్‌బాల్ నియమావళి మొదటి అధ్యాయంలోనే, జరిపే రకమైనా సరే నేలకు గట్టిగా బిగించాలని కూడా ఉంది. మనవాళ్లు కొలతల దాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నారు.

పోస్టు పడకుండా, చట్రం వెనక నేలకానే పైపు మీద ఇసుక బస్తాలైనా పెట్టించండని డ్రిల్లు మాస్టారితో అన్నాను. పాపం, పెట్టించారు. మూడో రోజుకు బస్తాలు లేవు. ఇసుక ధర తెలిసిన ఊళ్లో ఇసుకను ఆరుబయట వదలడం మా తప్పే. నేలలోకి స్క్రూలా తిప్పి దించే ఇనప మేకులుంటాయండీ అన్నాను. వలకు కొట్టిన నాలుగు చిన్న మేకులు చూపించి, 'ఉన్నాయిగా' అన్నారు. అవి వల ఎగరకుండా ఆపుతాయి, పోస్టు పడకుండా కాదు.

ఇక మిగిలింది గేదె. పక్కింటి సుబ్బయ్య పొద్దున్నే తన గేదెను తెచ్చి ఆ వెనక పైపుకే కట్టేస్తాడు. అది అక్కడే చతికిలబడి నెమరేస్తుంది. గేదె పోకుండా గోల్‌పోస్టు ఉందని సుబ్బయ్య నమ్మకం. గోల్‌పోస్టు పోకుండా గేదె ఉందని నా నమ్మకం. చిక్కల్లా సాయంత్రం వస్తుంది. అయిదింటికి సుబ్బయ్య గేదెను విప్పుకుపోతాడు. అయిదుంపావుకు పిల్లలు వస్తారు.

వచ్చీ రాగానే పై కమ్మీ పట్టుకుని వేలాడతారు. ఆ చట్రం బరువంతా ముందువైపే, రెండు నిలువు స్తంభాల్లోనూ పై కమ్మీలోనూ ఉంటుంది. వెనకనున్నది బక్క పైపు. ఎడ్లు విప్పిన బండి కాడివైపు వాలినట్టు, పిల్లాడి బరువు తోడవగానే ముందుకు వచ్చేస్తుంది, సరిగ్గా పిల్లాడి మీదకే. ఇది నవ్వులాట కాదు. 2025 నవంబరులో హర్యానాలో కొద్దిరోజుల తేడాతో ఇద్దరు కుర్రాళ్లు బాస్కెట్‌బాల్ స్తంభాలు మీద పడి చనిపోయారు. ఆ ఇద్దరూ ఆడుకోవడానికి వెళ్లినవాళ్లే.

ఈ సంగతి చెబితే హెడ్‌మాస్టరు గారు, 'మన దగ్గర ఇంతవరకు పడలేదుగా' అన్నారు. పడనంతకాలం చెల్లే సర్టిఫికెట్టు అది. అయినా నా మాట తీసేయకుండా, పై కమ్మీ మీద 'వేలాడరాదు' అని పెయింటు వేయించారు. అక్షరాలు చిన్నవి కావడంతో పిల్లలు వేలాడి చదువుతున్నారు.

ఆటలు లేని రోజుల్లో ఇలాంటి గోల్‌పోస్టుల్ని ఎలా దాచాలో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషను 1995లోనే చెప్పింది. వల విప్పేయాలి. వీలైతే భాగాలుగా ఊడదీయాలి. లేదంటే రెండు గోల్‌పోస్టుల్నీ ఎదురెదురుగా నిలబెట్టి, స్తంభానికి స్తంభం కలిపి గొలుసు చుట్టి తాళం వేయాలి. పెళ్లిచూపులూ పెళ్లీ ఒకే రోజన్నమాట. మా బడిలో వేసవి సెలవులకు రెంటినీ ప్రహరీకి చేరగిలబెట్టి వదిలేస్తారు. ఆ గోడ కూడా ఒకపక్కకు ఒరిగే ఉంది, ఎవరు ఎవర్ని ఆపుతున్నారో చెప్పడం కష్టం. గొలుసు కొనడానికి నిధులు లేవట. స్టీలు గ్లాసుది విప్పి ఇమ్మంటే నీళ్ల ట్యాంకు కమిటీ ఒప్పుకోలేదు.

చివరికి సుబ్బయ్యనే బతిమాలాను. 'ఏడింటిదాకా గేదెను అక్కడే ఉంచు బాబూ, పిల్లల ఆట అయ్యేదాకా' అని.

'పాలవేళ దాటిపోదా సారూ! మీ గోల్‌పోస్టు గాని పాలిస్తదా?' అన్నాడు, పలుపు విప్పుతూ.