మా అక్క కొడుకును ఎలకగా గుర్తించాలని మనవి

నేను తిరపతిలో రేణిగుంట రోడ్డులో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు పెట్టుకోని 18 ఏండ్లయింది. గేట్లు, గ్రిల్సు, రేకుల షెడ్లు, ఏదొస్తే అది. పోయిన ఆగస్టులో ఒకే వారంలో రెండు ఆర్డర్లు తగిలినాయి, ఒకటి ఊరి బయట ఒక ఫార్మసీ కాలేజీ వాళ్లది, ల్యాబు ఎలకలుండే డబ్బాలకి స్టీలు మూతలు, వాటిని పెట్టుకునే ర్యాకు, రెండోది లీలామహల్ సర్కిల్ అవతల కోచింగ్ పిలకాయలుండే ఒక హాస్టలు వాళ్లది, మూడంతస్తుల మంచాలు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకోని వెల్డింగ్ చేసినోడు దేశంలో ఇంకొకడు ఉంటాడని నేననుకోను, అందుకని ఈ విషయంలో నోరు తెరిచే అర్హత నాకు తప్ప ఇంకెవరికీ లేదని సవినయంగా తెలియజేసుకుంటా ఉండాను.

ముందు ఎలకల సంగతి. కాలేజీ మేడమ్ నాలుగు పేజీల కాగితం తెచ్చి ఇచ్చింది. నాలుగు పేజీలు సామీ, నా పెండ్లి శుభలేఖ కూడా ఒక్క పేజీనే. మూత ఎస్‌ఎస్ 304 రకం తుప్పు పట్టని స్టీలు అయ్యుండాల, కడ్డీకి కడ్డీకి మధ్య సందు ఇంతే ఉండాల, మధ్యలో పల్లంగా వంచాల, అందులో ఒక పక్క మేత, ఒక పక్క నీళ్ల సీసా. యాడా పదునుండకూడదు, ఎందుకంటే ఎలక పండ్లు బతికినంత కాలం పెరుగుతానే ఉంటాయంట, కొరికేదానికి ఒక్క అంచు దొరికినా ఆడ మొదలుపెడుతుందంట. అడుగున జల్లెడ వద్దు, పాదాలు పుండ్లు పడతాయి, గట్టి అడుగే ఉండాల, దాని మీద ఊక. ఆ ఊక కూడా మిల్లు కాడినుంచి తెచ్చి పోసేది కాదు, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి పట్టించి క్రిములు చంపి ఆరబెట్టి పరచాల. మా అవ్వ బాలింతకి కూడా ఇంత పథ్యం పెట్టలేదు.

డెలివరీ రోజు మేడమ్ ఒక దూది ఉండ తెచ్చి ప్రతి వెల్డింగ్ మీదా తిప్పింది. దూది పీచు తగులుకున్న మూతలన్నీ పక్కన పెట్టేసింది, పదకొండు మూతలు మళ్లీ గ్రైండింగ్, మళ్లీ బఫింగ్. హాస్టలు ఓనరన్న కూడా మంచాలు చెక్ చేసినాడు, అన్యాయంగా చెప్పకూడదు. చెప్పు కాలితో ఒక తన్ను తన్ని, "ఊగతా లేదు కదా, లోడెయ్ బ్బా" అన్నాడు.

ఆయన స్పెసిఫికేషన్ నోటి మాటే. "గోడ నుంచి గోడకు ఎన్ని పడితే అన్ని." ఎత్తు ఎంత పెట్టాలన్నా అంటే సీలింగ్ ఎంత ఉంటే అంత అన్నాడు, ఫ్యానుకు తగలకుండా చూసుకోమన్నాడు, అదొక్కటే సేఫ్టీ రూలు. మూడో అంతస్తులో పిలగాడు లేచి కూర్చుంటే తల స్లాబుకు కొట్టుకుంటుంది కదన్నా అని అడిగినా. "పడుకునేదానికి కదా మంచం, కూర్చునేదానికి క్లాసు ఉండాది" అన్నాడు. తర్కంలో ఆయన్ని కొట్టేవాడు లేడు.

మేడమ్ కాగితంలో ఎత్తు గురించి కూడా ఒక లైను ఉంది, ఎలకకి 17.8 సెంటీమీటర్లు, మన లెక్కలో ఏడంగుళాలు. ఏడెందుకు మేడమ్, ఎలక ఎత్తు రెండంగుళాలు కూడా లేదే అంటే, అది వెనక కాళ్ల మీద లేచి నిలబడి చుట్టూ చూసుకుంటుంది, అది దాని అలవాటు, అలవాటుకు అడ్డం పడకూడదు అనింది. మా అక్క కొడుక్కి కూడా లేచి కూర్చోని చుట్టూ చూసే అలవాటు ఉండేది, చిన్నప్పటినుంచీ.

అవును, అసలు విషయం చెప్పడం మర్చిపోయినా, వాడు ఆ హాస్టల్లోనే ఉండాడు. నీట్ లాంగ్ టర్మ్. నేను చేసిన మంచంలోనే, మూడో అంతస్తు.

ఇప్పుడు గది. ఎలకలుండే గదిలో గాలి గంటకు 12 నుంచి 15 సార్లు పూర్తిగా మారాల. వేడి 18 నుంచి 29 డిగ్రీల మధ్య, తేమ 30 నుంచి 70 శాతం మధ్య. లైటు 12 గంటలు వెలగాల, 12 గంటలు ఆరాల, దానికి టైమరు, మనిషి చేతిని నమ్మరు. పైగా తెల్ల ఎలక కండ్లు వెలుతురుకు తట్టుకోలేవంట, ఎక్కువ వెలుగు పడితే చూపు పోతుందంట, అందుకని ర్యాకులో పై అరకు లైటు నేరుగా తగలకుండా నా చేత రేకు అడ్డం పెట్టించినారు. ఊక తడిసి ఉచ్చ వాసన, అదే అమ్మోనియా, పెరగకుండా వారం వారం డబ్బాలు మార్చాల. చప్పుడు ఉండకూడదు, మనకు వినపడని సన్న శబ్దాలు కూడా వాటికి వినపడతాయంట.

హాస్టల్లో గాలి రోజుకు రెండు సార్లు మారుతుంది, తలుపు తీసినప్పుడు ఒకసారి, వేసినప్పుడు ఒకసారి. మే నెల తిరపతిలో వేడి ఎంతుంటాదో నేను చెప్పబల్లేదు, 40 దాటిన రోజు ట్యాంకు నీళ్లతో కాఫీ కలుపుకోవచ్చు. లైటు 24 గంటలు వెలగతానే ఉంటుంది, ఎందుకంటే రూముకు అయిదు మంది, ఒకడు రెండు దాకా చదువుతాడు, ఇంకొకడు మూడుకు లేస్తాడు. అమ్మోనియా గురించి నేను మాట్లాడను, ఆ కారిడార్‌లోకి పోయినోడికి చెప్పేపని లేదు.

ఎలకల మీద ఇంత ప్రేమ ఎందుకు మేడమ్ అని ఒకరోజు అడిగేసినా. మేడమ్ నవ్వింది. ప్రేమ కాదన్నా, లెక్క అనింది. ఇరుకులో పెడితే, వేడికి ఉడికితే, నిద్ర లేకపోతే ఎలక ఒంట్లో హార్మోన్లు తారుమారైపోతాయి, అప్పుడు మనం ఇచ్చిన మందు పని చేసిందా, ఎలక ఏడుపు పని చేసిందా తెలీదు, రీడింగు తప్పు వస్తుంది, రెండేండ్ల పని గంగలో కలుస్తుంది. అదీ కథ. ఎలక సుఖం ఎలక కోసం కాదు, రీడింగు కోసం. మరి మా వాడి దగ్గర కూడా అందరూ రీడింగే కదా తీసుకుంటా ఉండేది, వారానికో టెస్టు, నెలకో గ్రాండ్ టెస్టు, మార్కులు వాట్సాప్‌లో మా బావకు వస్తాయి, రీడింగు తగ్గిన ప్రతిసారీ తప్పు ఎలకదే అంటారు. డబ్బా సంగతి ఎవురూ అడగరు.

సరే, నేను టేపు పట్టుకునే మనిషిని, లెక్క వేసినా. మేడమ్ కాగితం ప్రకారం 300 గ్రాముల ఎలకకి 187 చదరపు సెంటీమీటర్ల నేల ఇయ్యాల, అంటే 29 చదరపు అంగుళాలు. మా వాడు 60 కిలోలు. 60 కిలోలంటే 200 ఎలకలు. 200 ఇంటూ 29 కొడితే సుమారు 40 చదరపు అడుగులు. హాస్టలు గది 10 బై 12, మొత్తం 120 అడుగులు, అయిదు మందికి పంచితే తలకు 24. అంటే మా వాడు మనిషిగా ఉండటం వల్ల 16 అడుగులు నష్టపోతా ఉండాడు. ఎలకగా అప్లికేషన్ పెట్టుకుంటే చట్టప్రకారం వచ్చేస్తాయి.

చుంచెలకగా పెట్టుకుంటే ఇంకా లాభం. 25 గ్రాముల చుంచుకు 12 చదరపు అంగుళాలు, ఆ లెక్కన 60 కిలోలకు 200 చదరపు అడుగులు తేలినాయి, అది సింగిల్ బెడ్‌రూమ్ హాలు. ప్రాణం ఎంత చిన్నదైతే దాని వాటా అంత పెద్దదన్నమాట, వేమన కాలంలో ఈ కాగితం ఉండుంటే ఒక పద్యం వచ్చుండేది. బరువును బట్టి అట్ల హెచ్చవేయకూడదన్నా, జీవశాస్త్రంలో లెక్క వేరే అని మేడమ్ అనింది. ఉండనీ మేడమ్, హాస్టలు ఓనరుకు ఏ శాస్త్రం తెలుసు?

ఆ మాట తొందరపడి అన్నా. ఓనరుకు శాస్త్రం తెలుసు. ఎట్ల తెలిసిందంటే, మంచాల బాకీ కోసం పోయినప్పుడు మాటల్లో చెప్పినాడు, వాళ్ల బామ్మర్దికి చిత్తూరు దావలో గుడ్ల కోళ్ల ఫారం ఉందని. నాకు తల్లో బల్బు వెలిగింది. బోనులో గుడ్ల కోడికి తలకు 550 చదరపు సెంటీమీటర్లు అని రూలు, అంటే జిరాక్స్ కాగితం కంటే కూడా తక్కువ. కోడి బరువు కిలోన్నర. మా వాడు 40 కోళ్లు. 40 ఇంటూ 550 కొట్టి అడుగుల్లోకి మారిస్తే ఎంతొచ్చిందో తెలుసా? 23.7. హాస్టల్లో ఇచ్చింది 24! ఇంకా పాయింట్ మూడు అడుగు దయ చూపించినాడు. ఇన్నాళ్లూ ఆయన అడ్డదిడ్డంగా కుక్కినాడనుకున్నా, కాదు, కచ్చితంగా కోడి ప్రమాణంలో కట్టినాడు. జాతి ఎంచుకోవడంలోనే తేడా జరిగింది, పని మాత్రం ఇంజినీరు పని.

అందుకని నా మనవి ఇది. మన దేశంలో జంతువుల మీద క్రూరత్వం నివారించే చట్టం 1960లోనే వచ్చింది, ల్యాబు జంతువుల మీద కన్నేసి ఉంచేదానికి దాని కిందనే ఒక కమిటీ ఉంది, 1998లో రూల్స్ కూడా వచ్చినాయి. దాని ప్రకారం ప్రతి ల్యాబులో ఒక ఎథిక్స్ కమిటీ ఉండాల, అందులో సైంటిస్టులు, ఒక పశువుల డాక్టరు, బయటినుంచి ఒకరు, వీళ్లతో పాటు సైన్సుతో సంబంధం లేని, సామాజిక స్పృహ ఉన్న మనిషి ఒకరు. ఎలకకి సూది ముట్టించాలన్నా వీళ్లందరూ కూర్చోని సరే అనాల. హాస్టలుకు కూడా ఇట్లాంటిదొకటి వేయమంటా ఉండాను, అంతే. పశువుల డాక్టరుకు మనకు కరువు లేదు, తిరపతిలో వెటర్నరీ యూనివర్సిటీయే ఉంది. సామాజిక స్పృహ ఉన్న మనిషి దగ్గరే వచ్చింది చిక్కు, మా టీకొట్టు కాడ ఈ మాట ఎత్తితే అక్కడున్న తొమ్మిది మందీ నేనే అన్నారు, టీకొట్టాయన కూడా.

మేడమ్ ఇంకో సంగతి చెప్పింది. 1959లో రస్సెల్, బర్చ్ అని ఇద్దరు ఇంగ్లండోళ్లు ల్యాబు జంతువుల కోసం మూడు నియమాలు రాసినారంట, జంతువుకు బదులు వేరే దారుంటే అది వాడు, వాడక తప్పకపోతే తక్కువ వాడు, వాడినవాటికి బాధ తగ్గించు. మా ఓనరు వీటిని ఎప్పుడో అమల్లో పెట్టేసినాడు. కందిపప్పుకు బదులు వేరే పప్పు. సాంబార్లో మునక్కాయ తక్కువ. మూడోదానికి వైఫై పెట్టించినాడు, వస్తే.

అమెరికాలో కల్హూన్ అనే ఆయన 1968లో చుంచెలకలకి ఒక పెద్ద దొడ్డి కట్టించినాడు, మేతకు నీళ్లకు కొదవ లేదు, పిల్లి భయం లేదు. ఎనిమిదింటితో మొదలై 2,200 దాకా పెరిగినాయి, ఆ కిటకిటలో కొట్లాటలు, తల్లులు పిల్లల్ని వదిలేయడం, ఆఖరికి కాన్పులే ఆగిపోయినాయి, దొడ్డి ఖాళీ అయిపోయింది. అందులో కొన్ని మగవి ఎవురితోనూ కలవకుండా, కొట్లాడకుండా, తింటా నిద్రపోతా ఒళ్లు దువ్వుకుంటా కూర్చునేవంట, ఆయన వాటికి అందగాళ్లు అని పేరు పెట్టినాడు. ఇది చదివి నేను నవ్వుకుంటా ఉంటే, మా వాడు రూము నుంచి వీడియో కాల్ చేసినాడు, వాడి వెనక అద్దం ముందర ఒకడు తల దువ్వతా ఉండాడు. ఎనిమిది నిమిషాలు మాట్లాడినాము. ఎనిమిది నిమిషాలూ దువ్వతానే ఉండాడు.

"మామా, నువ్వు చేసిన మంచం బాగుంది గానీ" అన్నాడు మా వాడు, "రాత్రి తిరగాలంటే ముందు కిందోడికి చెప్పి తిరగాల." నేనేం మాట్లాడలేదు. ఆ మంచం గేజి, పైపు, బోల్టు అన్నీ నావే. ఎలకల మూత అయితే పదకొండు వెనక్కి తెచ్చుకున్నా, మంచం ఒక్కటీ వెనక్కి రాలేదు.

నిన్న మళ్లీ ఫోన్ చేసినాడు. ఈసారి గొంతులో హుషారుగా ఉంది, రూములోకి ఎలక దూరిందంట, మంచి బలిసినది. ఓనరన్నకు చెప్తే బోను పెట్టిస్తానన్నాడు, సాయంత్రం ఆ బోను రిపేరుకు నా షాపుకే వచ్చింది, తలుపు స్ప్రింగు పోయింది. స్ప్రింగు వేసి, ఊరికే ఉండలేక టేపు పెట్టినా. పొడవు తొమ్మిదంగుళాలు, వెడల్పు నాలుగు, మొత్తం 36. కావాల్సింది 29. నేల విషయంలో చట్టప్రకారం సరిపోయింది, ఏడు అంగుళాలు ఎక్కువే ఉంది. ఎత్తు మాత్రం నాలుగే, ఏడుండాల. ఎలక కావాలంటే దాని మీద కంప్లైంట్ పెట్టుకోవచ్చు.