91 ఎటు పోయింది?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చిండు, తెల్లారితే సీ ల్యాబ్ ఎక్స్‌టర్నల్, అంటే సీ ప్రోగ్రామింగ్ భాషలో బయటి సార్ వచ్చి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష. బీటెక్ ఫస్టియర్, సిటీ అవుతల ఓ కాలేజీ, పేరెందుకు లెండి. "మామా, బబుల్ సార్ట్ కొడితే 91 మాయమైంది" అన్నడు. చాయ్ తాగుతున్న, నాకు మొదట అర్థం కాలే. బబుల్ సార్ట్ అంటే పక్కపక్క నంబర్లను పోల్చి జాగాలు మార్చుకుంట చిన్నదాని నుంచి పెద్దదానికి వరుస పెట్టుడు. చూస్తే ఐదు నంబర్లిచ్చిండు: 45, 12, 78, 23, 91. వచ్చింది: 0, 12, 23, 45, 78. ఇయ్యని సున్నా వచ్చి ముందల కూర్చుంది, ఇచ్చిన 91 గాయబ్.

కోడ్ చూస్తే లోపలి లూప్ (అదే పని మళ్లీ మళ్లీ చేసే ముక్క) జే లెస్ దేన్ ఎన్ అని ఉంది, ఎన్ అంటే నంబర్లెన్ని అని, జే సున్నా నుంచి మొదలైతది. అందులో ఏ ఆఫ్ జే ని ఏ ఆఫ్ జే ప్లస్ వన్ తో, అంటే ఎరే అనే డబ్బాల వరుసలో ఒక డబ్బాని దాని పక్కదానితో, పోలుస్తున్నడు. అంటే ఆఖరికి ఐదో డబ్బాని ఆరోదానితో పోలుస్తది, ఆరో దాంట్ల మనం ఏం పెట్టనే లేదు. ఆడ సున్నా ఉంది, 91 కన్నా చిన్నది, ఇంకేముంది జాగాలు మార్చుకున్నయి, 91 పోయి ఆరో డబ్బాలో పడ్డది, ప్రింట్ చేసేది ఐదే కాబట్టి కనపడదు. ఎన్ మైనస్ ఐ మైనస్ వన్ (ఐ అంటే అప్పటికి ఎన్ని రౌండ్లు అయినయో ఆ లెక్క) దగ్గర ఆగాల్సిన లూప్ అది.

ఎక్కడిదిరా ఈ కోడ్ అంటే "రికార్డులో ఉన్నదే మామా, సీనియర్ల రికార్డు చూసి రాసినం, సార్ సంతకం కూడా పెట్టిండు" అంటున్నడు. 60 మంది క్లాసు, 60 రికార్డుల్లో ఇదే లూప్. ఆ సీనియర్లు ఎవరి దాంట్ల చూసి రాసిన్రో, వాళ్ల సీనియర్లు ఎవరి దాంట్ల చూసిన్రో దేవుడికే ఎరుక.

"కానీ ల్యాబ్‌లో కరెక్ట్‌గనే వచ్చింది మామా!"

నాకు మండింది ఇక్కడే. ల్యాబ్‌లో ఎరే మెయిన్ అనే ప్రధాన ఫంక్షన్ లోపల ఉండే, లోపల డిక్లేర్ చేస్తే అందులో ముందునుంచి ఏ చెత్త ఉంటే అదే ఉంటది, ఆ రోజు ఆ సిస్టంలో ఆరో డబ్బాలో ఏదో పెద్ద నంబర్ ఉండి ఉంటది, 91 కదల్లేదు, బతికిపోయిండు. ఇంటికొచ్చి ఏదో వీడియో చూసి ఎరే ని తీసి మెయిన్ పైన పెట్టిండు, అట్ల బయట పెట్టిన గ్లోబల్ వాటిని సీ సున్నాలతో నింపుతది, అందుకే దొరికిపోయింది. తమాషా ఏంటంటే అన్నీ మైనస్ నంబర్లిస్తే మళ్లీ కరెక్ట్‌గనే వస్తది, సున్నా వాటికన్నా పెద్దది కదా, దాని జాగాలోనే ఉంటది. హద్దు దాటినవ్ బిడ్డా అని సీ మనకు చెప్పదు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ యూనిక్స్ కోసం చేసిన భాష అది, స్పీడ్ ముఖ్యం, ప్రతిసారీ ఇండెక్స్ చెక్ చేసుకుంట కూర్చోదు, చూసుకునే పూచీ రాసేటోడిదే. సీ నేర్పాలంటే మొదట చెప్పాల్సిన ముక్క ఇది, రికార్డులో మాత్రం ఎక్కడా లేదు. ఎయిమ్ ఉంది, అల్గారిథం ఉంది, రిజల్ట్ దగ్గర "ప్రోగ్రాం విజయవంతంగా రన్ అయినది" అని ఇంగ్లీషులో నీట్‌గా రాసి కింద స్కేల్ తోటి గీత కూడా కొట్టిండు.

సార్లను అంటలేను, ఒక్కొక్కరికి ఎన్ని బ్యాచులో నాకు తెలుసు. కానీ వైవాలో టైం కాంప్లెక్సిటీ (నంబర్లు పెరిగితే పని ఎంత పెరుగుతదనే లెక్క) ఎంత అంటే ఎక్కాలు అప్పజెప్పినట్టు ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్ అంటరు, అంటే ఏందిరా అంటే పైకి చూస్తరు. మీ క్లాసు 60 రోల్ నంబర్లకైతే 1770 పోలికలు, అదే లక్ష నంబర్లకైతే దగ్గర దగ్గర 500 కోట్లు, అని ఒక్కసారి లెక్కేసి చూపిస్తే చాలు కదా.

నేనైతే లాప్‌టాప్ మూసి పేకముక్కలు తీసిన. మా అక్కకు తెలిస్తే చంపుతది, ఎగ్జామ్ ముందు రోజు పేకాటా అని. 13 ముక్కలు పంచిన, మనోడు దసరాకు రమ్మీ ఆడేటోడే, ఒక్కో ముక్క తీస్తుండు, చేతిలో సరిగ్గా దాని జాగాలో దూరుస్తుండు, మిగతావి కొంచెం పక్కకు జరుపుతుండు. ఇన్సర్షన్ సార్ట్ అంటే ఇదేరా అన్న. ఆగి చేతిలోకి చూసుకున్నడు. నిన్నటిదాకా అదే ప్రోగ్రాం రాక మూడుసార్లు ఇంపొజిషన్ రాసిండట! సెలక్షన్ సార్ట్ కూడా అంతే, కింద పరిచి అన్నిట్ల చిన్నది ఏరి ముందర పెట్టుడు, మళ్లీ మిగిలినవాట్ల చిన్నది ఏరుడు.

ఇగ సెర్చింగ్. లీనియర్ (మొదటి నుంచి ఒక్కొక్కటి చూసుడు) మంచిదా బైనరీ (నడిమిది చూసి సగం వదిలేసుడు) మంచిదా అంటే క్లాసు క్లాసంతా బైనరీ అంటది. హిమాయత్‌నగర్ గల్లీల్లో 3-6 తో మొదలయ్యే ఇంటి నంబర్ పట్టుకుని ఎప్పుడన్నా తిరిగిన్రా? ఒక నంబర్ పక్కన ఇంకో వంద అవతలి నంబర్ ఉంటది, మధ్యలో బై ఏ, బై బీలు. ఆడ మధ్య ఇంటికి పోయి ఇంకా ముందుకా వెనక్కా అంటే ఏం తేలుతది? ఒక్కో గేటు చూసుకుంట పోవుడే, పార్సిల్ తెచ్చే పిలగాడు రోజూ చేసేది అదే. వరుసలో ఉంటేనే బైనరీ, అప్పుడైతే 10 లక్షల్లో కూడా 20 సార్లు చూస్తే దొరుకుతది. వరుసలో లేకపోతే ముందు సార్ట్ చెయ్యాలె, ఒక్కసారి వెతికేదానికి అంత ఖర్చెందుకు? ఈ మాట వైవాలో చెప్తే మార్కులు కట్ చేస్తరేమో అని వాడి భయం.

ఇంకోటి చెప్పిన. బైనరీలో నడిమి జాగా, అదే మిడ్, కోసం లో (మొదలు) ప్లస్ హై (చివర) బై టూ అని అందరం రాస్తం కదా, అదే లైన్ జావా అనే ఇంకో భాష లైబ్రరీలో ఏండ్ల తరబడి బగ్గుగా కూర్చుంది, 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే బయటికి రాసే దాకా చాలామందికి తెల్వదు. ఎరే మరీ పెద్దదైతే రెండూ కూడినప్పుడు ఇంట్ (పూర్ణాంకం పెట్టే డబ్బా) పొంగిపోయి మైనస్ అయితది. మనోడి ల్యాబ్‌లో ఇంకా టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేరే, నీలం స్క్రీను, క్లియర్ స్క్రీన్ ఫంక్షను, అందులో ఇంట్ 32767 దాటదు, అంటే 20 వేల నంబర్ల ఎరే లో చివరి దిక్కు వెతికితేనే తలకిందులు. లో ప్లస్, బ్రాకెట్లో హై మైనస్ లో, దాని సగం అని రాస్తే అయిపోతది.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసిండు. బబుల్ సార్టే వచ్చిందట, లూప్ సరిచేసి రాసిండట, ఎక్స్‌టర్నల్ సార్ రికార్డు తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి ఇది వేరే ఉందేంటి అని అడిగితే 91 కథ మొత్తం చెప్పిండట. ఆయన ఏమనలేదట, రికార్డు మూసి పక్కన పెట్టిండట. క్లాస్ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టిండు, మీరూ మార్చుకోండ్రా అని. మొదటి రిప్లై ఏందో తెల్సా?

"మరి సార్ సంతకం మీద పడకుండ వైట్నర్ ఎట్ల పెట్టాల్రా?"