సవరణ: విషం కాఫీలో కాదు, టానిక్‌లో

అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ గురించిన గత పోస్టులో, ఇంటి యజమానురాలు ఎమిలీ ఇంగిల్‌థార్ప్ కాఫీలో కలిపిన విషంతో చనిపోయిందని ఉంది. ఆ వాక్యాన్ని మార్చాం. (నవల చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, గుట్టు బయటపడుతుంది.)

కాఫీ మీద అనుమానం పాత్రలది. కప్పును ఎవరో పిండి పిండిగా తొక్కేసి ఉండటంతో చదివేవాళ్ల చూపూ అటే పోతుంది. కానీ కాఫీ ఇచ్చింది రాత్రి భోజనమయ్యాక. ఒళ్లు విల్లులా వంగిపోయే మూర్ఛలు వచ్చింది తెల్లవారుజామున. ముషిణి గింజల నుంచి తీసే ఆ విషం, స్ట్రిక్నిన్, మామూలుగా అంతసేపు ఆగదు.

ఆమె రోజూ తాగే టానిక్‌లోనే స్ట్రిక్నిన్ కొద్దికొద్దిగా ఉంది. అందులో నిద్ర కోసం వాడే బ్రోమైడ్ పొడి కలిపితే ఆ స్ట్రిక్నిన్ స్ఫటికాలుగా మారి సీసా అడుక్కి దిగుతుంది. పై మోతాదులు తాగినా ఏమీ కాదు. చివరి మోతాదుతో దాదాపు మొత్తం ఒకేసారి లోపలికి పోతుంది. సీసాలో కొత్తగా విషం వేయాల్సిన పనే లేదు! మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లోని టార్కీ ఊరి ఆసుపత్రి మందుల గదిలో పనిచేశారు కాబట్టే క్రిస్టీ ఇంత పక్కాగా రాయగలిగారు.

ఇంకోటి, ప్రచురణ సంవత్సరం. పోస్టులో ఇచ్చిన 1921 బ్రిటన్ ముద్రణకే వర్తిస్తుంది. అమెరికాలో పుస్తకం 1920లోనే వచ్చింది. రాసింది మాత్రం 1916లో.