పింక్ చీరలు సరే, రేడియేషన్‌కి ఎవరు తీసుకెళ్తారు?

ఈ అక్టోబర్‌లో ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ పింక్ వాక్ (రొమ్ము క్యాన్సర్ గురించి అవగాహన కోసం చేసే నడక) మానేస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ఈ మాట చదవగానే కొందరికి కోపం వస్తుందని తెలుసు, ఎందుకంటే ఏటా పార్కు పర్మిట్ దగ్గర్నుంచి టీ షర్టులు, సమోసాల దాకా అన్నీ నెత్తినేసుకుని చేసేది మన ఆడవాళ్లే, వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ పూట గడిచాక రొమ్ము క్యాన్సర్ ఉన్న మనిషికి ఏం ఒరిగిందో ఎవరైనా చెప్పండి. ఫేస్‌బుక్‌లో ఫోటోలైతే ఉన్నాయి.

అసలు రొమ్ము క్యాన్సర్‌కి గుర్తుగా పెట్టుకునే పింక్ రిబ్బన్ కథే చూడండి. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ ఇంట్లో కూర్చుని పీచ్ రంగు రిబ్బన్లు చుట్టి, వాటితోపాటు ఒక కార్డు పంచిపెట్టింది. నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ (అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ పరిశోధన సంస్థ) బడ్జెట్ ఏడాదికి 180 కోట్ల డాలర్లు, నివారణకు వెళ్లేది 5 శాతమే, మన చట్టసభల వాళ్లను నిద్ర లేపడానికి ఇది పెట్టుకోండి అని దాని మీద ఉండేది. ఒక మహిళా పత్రిక వచ్చి కలిసి చేద్దామంటే, ఇది మరీ వ్యాపారమైపోతుందని ఆవిడ ఒప్పుకోలేదు. పత్రికవాళ్లు లాయర్లను అడిగి రంగు మార్చుకున్నారు. అలా 1992లో పింక్ రిబ్బన్ మేకప్ కౌంటర్ల మీదికి చేరింది. డబ్బు ఎటు పోతోందని ప్రభుత్వాన్ని నిలదీసిన రిబ్బన్ కాస్తా ఎవర్నీ ఏమీ అడగని రిబ్బన్ అయింది. 2010లో కేఎఫ్‌సీ వాళ్లు వేయించిన చికెన్‌ని పింక్ బకెట్లలో అమ్మి, బకెట్‌కి 50 సెంట్ల చొప్పున క్యాన్సర్ సంస్థకి ఇచ్చారు. నేనేం కల్పించడం లేదు.

పూర్తిగా దండగ అని మాత్రం అనను. మనవాళ్లలో ఆ జబ్బు పేరెత్తడానికే భయపడేవాళ్లు. ఇప్పటికీ "చిన్నమ్మాయి పెళ్లయ్యేదాకా బయటికి పొక్కనివ్వకండి" అనే ఇళ్లున్నాయి. అలాంటి చోట నలుగురు కలిసి ఆ మాట గట్టిగా అనడం మంచిదే. హైదరాబాద్‌లో అక్టోబర్‌లో చార్మినార్‌కి పింక్ లైట్లు వేయించిన ఉషాలక్ష్మి ఫౌండేషన్ వాళ్లే, తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలకు నేర్పించి ఆడవాళ్లకు పరీక్షలు కూడా చేయించారు. నా లెక్కలో రెండోదే అసలు పని.

ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం ఉంది. బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్లను తీసుకుని, అందులో సగం మందికి శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మెషిన్ లేదు, పెద్ద డాక్టర్ లేడు. 2021లో ఫలితాలు వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లలో జబ్బు ముందు దశలోనే దొరికింది, 50 దాటిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి (చిన్న వయసువాళ్లలో అలా తగ్గలేదు, అదీ చెప్పాలి). ఎవరో ఒకరు గడప దాకా వచ్చి చెయ్యి వేసి చూశారు కాబట్టి తగ్గాయి.

ఇక అమెరికాలో మన సంగతి. ఇక్కడ మన ఆడవాళ్లలో క్యాన్సర్ గురించి వినని మనిషి లేదు. తెలియనివి వేరే ఉన్నాయి. మామూలు స్క్రీనింగ్ మామోగ్రామ్ ఫ్రీ, కానీ ఏదో కనిపించిందని మళ్లీ రమ్మంటే ఆ డయాగ్నస్టిక్ మామోగ్రామ్‌కి, అల్ట్రాసౌండ్‌కి బిల్లు వచ్చి పడేది, దానికి భయపడి వాయిదా వేసేవాళ్లు. 2026 ప్లాన్ల నుంచి స్క్రీనింగ్ పూర్తి చేయడానికి అవసరమైన అదనపు పరీక్షలు కూడా ఫ్రీగా ఇవ్వాలని ఫెడరల్ నిబంధన మారింది. మీ ప్లాన్‌కి వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేసి అడగండి. కీమో మధ్యలో భర్త ఉద్యోగం పోతే పరిస్థితి ఏంటి? కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ ఇన్సూరెన్స్ కొన్నాళ్లు కొనసాగించుకోవచ్చు, కానీ ప్రీమియం మొత్తం మనమే కట్టాలి, పైగా హెచ్1బీ (ఉద్యోగ వీసా) అయితే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఎలా అనే టెన్షన్. యాభై మంది, అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీలో ఏడాదికి పైగా పనిచేస్తున్న భర్త కూడా భార్యను చూసుకోడానికి 12 వారాలు జీతం లేని సెలవు తీసుకోవచ్చని ఎంతమందికి తెలుసు? మనవడు పుట్టాడని వచ్చిన అమ్మకి ఇక్కడ గడ్డ తగిలితే, విజిటర్ల కోసం కొన్న ఇన్సూరెన్స్ పాలసీ చాలావరకు చేతులెత్తేస్తుంది. ఆవిడ ఎవరికీ చెప్పకుండా తిరుగు టికెట్ దాకా ఓర్చుకుంటుంది. విమానం ఎక్కకముందే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పరీక్ష చేయించమని పోస్టర్ వేయండి, నేను అంటిస్తా.

మన ఊళ్లోనే ఒకావిడకి పోయినేడు ఆపరేషన్ అయింది. గాయంలో ఊరే నీరు బయటికి తీసే రెండు డ్రెయిన్ ట్యూబులు, వాటి చివర బల్బులు నైటీ లోపలికి పిన్నీసుతో పెట్టుకుని, ఉదయం సాయంత్రం ఆ బల్బులు ఖాళీ చేసి ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కాగితం మీద రాసుకునేది. ఆ రాసేటప్పుడు పక్కన ఒక మనిషి ఉంటే చాలనేది. కీమో రోజుల్లో పెరుగన్నం, చారు తప్ప ఏదీ సహించేది కాదు, మనమేమో పోటీపడి బిర్యానీలు పంపాం! తర్వాత రేడియేషన్, వారానికి ఐదు రోజులు, వారాల తరబడి. పదిహేను నిమిషాల పనికి రానూపోనూ గంటన్నర డ్రైవింగ్. భర్త సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. ఉబర్ ఎక్కి ఒక్కతే వెళ్లిన రోజులు ఉన్నాయి, అదే నెలలో మనం మూడు వందల మందిమి పార్కులో నడిచాం.

అందుకే వచ్చే కమిటీ మీటింగ్‌లో అడగబోతున్నా. వాక్‌కి పెట్టే డబ్బు కోపేల (ఇన్సూరెన్స్ ఉన్నా పేషెంటు చేతి నుంచి కట్టాల్సిన వాటా) కోసం ఒక చిన్న నిధిగా మార్చండి, ఎవరికిచ్చామో బయటపెట్టొద్దు. ఇన్సూరెన్స్ కాగితాలు చదవగలిగినవాళ్లు మన దగ్గర బోలెడుమంది, వాళ్లలో ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు ఇవ్వండి. డ్రైవర్ల లిస్టు ఒకటి పెట్టండి, వారం రోజులకీ గళ్లు గీసి. ఫోటోలు కావాలంటే ఆ లిస్టు నిండాక పింక్ చీరలు కట్టుకుని దిగుదాం, నాకేం అభ్యంతరం లేదు. నాకు మంగళ, గురువారాలు మధ్యాహ్నం రెండు దాకా ఖాళీ, మొదటి గడిలో నా పేరు రాసుకోండి.